పాత ట్యాబ్, కొత్త ట్యాబ్, పెద్ద ట్యాబ్: ఏది వేగమో ఇంట్లోనే కొలిచి తేల్చుకోవడం

రెడ్‌మీ ప్యాడ్ 2022లో వచ్చింది. రెడ్‌మీ ప్యాడ్ ఎస్ఈ ఆ తర్వాతి ఏడు వచ్చింది. తెర కూడా పెద్దదే, 10.6 అంగుళాలకు బదులు 11. కానీ రెండూ పక్కపక్కన పెట్టి ఒకే పని చేయిస్తే పాతదే ముందు ముగిస్తుంది. కారణం లోపలి చిప్. పాతదాంట్లో హీలియో జీ99, కొత్తదాంట్లో స్నాప్‌డ్రాగన్ 680. పేరు చివరి ఎస్ఈ అనే రెండక్షరాలు చవక రకమని చెప్పడానికే గాని, మెరుగైనదని కాదు. "కొత్తది, పెద్దది, కాబట్టి వేగమైనది" అనే లెక్క ఇక్కడే తప్పుతుంది. కొట్టువాడు చెప్పేదీ, ఆన్‌లైన్‌లో ఫొటో కింద రాసి ఉండేదీ ఆ లెక్కే.

మహారాష్ట్రలోని బల్లార్షా, రాజురా, సిరొంచ, అహేరి వైపు ట్యాబ్ కొనడమంటే చంద్రపూర్ కొట్లో చూడటమో, రైలెక్కి కాగజ్‌నగర్, మంచిర్యాల దిగడమో, నాగపూర్ సీతాబర్డీ దాకా పోవడమో, లేకపోతే హైదరాబాద్‌లో చుట్టాలబ్బాయి వాడి వదిలేసినది తీసుకోవడమో. వెనక్కి ఇవ్వాలంటే మళ్లీ అంత దూరం. కొనేముందే, లేదా వాపసు గడువు అయిపోకముందే, కొలిచి చూసుకోవడం ఇక్కడివాళ్లకు ఎక్కువ అవసరం. కావలసినవి: పోల్చాల్సిన రెండు ట్యాబ్‌లు, స్లో మోషన్ వీడియో తీసే ఒక ఫోను, గది ఉష్ణోగ్రత చూపే మామూలు థర్మామీటర్, ఒక నోటుబుక్కు, ఒక పూట సమయం.

ముందు అసలు వయసు కనుక్కోండి

ట్యాబ్ పేరును నమ్మొద్దు, మోడల్ నంబర్ చూడండి. సామ్‌సంగ్‌లో సెట్టింగ్స్ చివర "అబౌట్ ట్యాబ్లెట్" అని ఉంటుంది. గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్ అనే పేరుతో 2020లో ఒకటి, 2022లో ఇంకొకటి, 2024లో మరొకటి వచ్చాయి. మొదటిదాంట్లో ఎగ్జినోస్ 9611, రెండోదాంట్లో స్నాప్‌డ్రాగన్ 720జీ, మూడోదాంట్లో ఎగ్జినోస్ 1280. బయటికి మూడూ కవలల్లా ఉంటాయి. ఎస్ఎం-పీ610, పీ615 అయితే మొదటిది. పీ613, పీ619 అయితే రెండోది. పీ620, పీ625 అయితే మూడోది. సెకండ్ హ్యాండ్‌లో "ఎస్6 లైట్" అని మాత్రమే చెప్పి 2024 ధరకు 2020దాన్ని అంటగట్టడం తేలిక.

ఐప్యాడ్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్లి మోడల్ నంబర్ మీద ఒకసారి వేలు పెడితే అది ఇంగ్లిష్ 'A' అక్షరంతో మొదలయ్యే నంబర్‌గా మారుతుంది. వీపు మీద సన్నటి అక్షరాల్లో ఉండేది కూడా అదే. రెండూ ఒకటే కావాలి. కాకపోతే వెనక రేకో, లోపలి బోర్డో మార్చారన్నమాట.

మోడల్ తెలిశాక చిప్ పేరు, చిప్ పేరు నుంచి కోర్ పేరు. కోర్ అంటే చిప్ లోపల లెక్కలు చేసే భాగం. చాలామంది ఆగిపోయే చోటు ఇదే. డబ్బా మీద "ఆక్టా కోర్, 2.3 గిగాహెర్ట్జ్" అని ఉంటే అది వేగం కాదు, సెకనుకు ఎన్ని అడుగులు వేస్తుందో చెప్పడం మాత్రమే. అడుగు ఎంత పొడుగో చెప్పలేదు. 2021లో వచ్చిన గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్‌లో హీలియో పీ22టీ ఉంది. ఎనిమిది కోర్లు, గరిష్ఠంగా 2.3 గిగాహెర్ట్జ్. 2023లో వచ్చిన గెలాక్సీ ట్యాబ్ ఏ9లో హీలియో జీ99 ఉంది. ఎనిమిది కోర్లు, గరిష్ఠంగా 2.2. అంకెలు చూస్తే పాతదే ఒక పిసరు ముందుంది. కానీ పీ22టీలోని ఎనిమిదీ కార్టెక్స్-ఏ53లు, అంటే ఆర్మ్ సంస్థ 2012లో ప్రకటించిన చిన్న కోర్లు. జీ99లో రెండు కార్టెక్స్-ఏ76లు ఉన్నాయి, 2018 నాటి పెద్ద కోర్లు. మిగతా ఆరూ ఏ55లు. వేగం కొలిచి స్కోరు ఇచ్చే గీక్‌బెంచ్ 6 యాప్‌లో ఒక్క కోర్ పరీక్షకు మొదటిది 200 అటూ ఇటూ తెస్తే రెండోది 700 దాటుతుంది. అంగుళాలు రెంటికీ ఒకటే, 8.7. తెర చుక్కలూ (పిక్సెళ్లు) ఒకటే. మూడింతలకు పైగా తేడా మొత్తం కోర్‌దే.

కాబట్టి నోటుబుక్కులో ట్యాబ్ విడుదలైన ఏడు పక్కన పెద్ద కోర్ పుట్టిన ఏడు రాసుకోండి. సీపీయూ-జెడ్ గానీ డెవ్‌చెక్ గానీ యాప్ వేసుకుంటే కోర్ పేరు చూపిస్తాయి. ఏ53 అంటే 2012, ఏ73 అంటే 2016, ఏ75 అంటే 2017, ఏ76 అంటే 2018, ఏ78 అంటే 2020. స్నాప్‌డ్రాగన్‌లో వీటినే క్రయో అనే పేరుతో పిలుస్తారు. 680లోని పెద్ద కోర్లు ఏ73 మీద కట్టినవి, 695లోవి ఏ78 మీద కట్టినవి. అలా చూస్తే రెడ్‌మీ ప్యాడ్ ఎస్ఈ అసలు వయసు 2016, దానికంటే ముందు అమ్మకానికి వచ్చిన రెడ్‌మీ ప్యాడ్ వయసు 2018. మొదటి పేరాలోని చిక్కు ఇక్కడ విడిపోయింది.

ఆపిల్ చిప్‌లకు ఈ తంటా లేదు, ఏ12, ఏ13, ఏ14 అని వరుసగా పోతాయి. ఒక్క మెలిక మాత్రం ఉంది. ఒకే చిప్‌ను ఒక్కోసారి ఫోనులో ఒక వేగంతో, ట్యాబ్‌లో ఇంకో వేగంతో నడుపుతారు. ఐప్యాడ్ మినీ 6లోని ఏ15, ఐఫోన్ 13లో ఉన్నదాని కంటే కాస్త తక్కువ గిగాహెర్ట్జ్‌లో తిరుగుతుంది. ఐఫోన్ స్కోరు తెచ్చి మినీకి అంటగట్టకండి.

అంగుళాలు వేరు, చుక్కలు వేరు

తెర పెద్దదైతే చిప్‌కు భారం పెరుగుతుందనుకుంటారు. చిప్‌కు అంగుళాలు కనపడవు, పిక్సెళ్లు కనపడతాయి. పొడవు పిక్సెళ్లను వెడల్పు పిక్సెళ్లతో గుణించండి. ట్యాబ్ ఏ9 తెర 1340×800, అంటే 10.72 లక్షల చుక్కలు. దాని పెద్దన్న ఏ9 ప్లస్ 11 అంగుళాలు, 1920×1200, అంటే 23.04 లక్షలు. ఐప్యాడ్ తొమ్మిదో తరం 2160×1620, దాదాపు 35 లక్షలు. పదో తరం 2360×1640, 38.7 లక్షలు. షావోమీ ప్యాడ్ 6 తెర 2880×1800, ఏకంగా 51.84 లక్షలు.

ఏ9 నుంచి ఏ9 ప్లస్‌కు పోతే చుక్కలు రెండింతలకు పైగా పెరిగాయి. పైగా ప్లస్ తెర సెకనుకు 90 సార్లు మారుతుంది, ఏ9ది 60 సార్లే. ప్రతి సెకను గీయాల్సిన చుక్కల్ని లెక్కిస్తే ప్లస్ మీద భారం మూడింతలు మించుతుంది. దానికి స్నాప్‌డ్రాగన్ 695 ఇచ్చారు, లెక్కల పనిలో అది జీ99 కంటే కొంచెం ముందే. అయినా బరువైన ఆటలో మొత్తం చుక్కలతో గీయమంటే చిన్న తెర ఏ9యే ఎక్కువ ఫ్రేములు చూపే సందర్భాలుంటాయి. పెద్దది నెమ్మదించింది కాబట్టి దాని చిప్ బలహీనమని రాయడం తప్పు. మోయాల్సిన బరువు ఎక్కువైంది, అంతే.

ఈ పాఠం ట్యాబ్‌ల చరిత్రలోనే ఉంది. 2011 నాటి ఐప్యాడ్ 2 తెర 1024×768. 2012 మార్చిలో వచ్చిన మూడో ఐప్యాడ్ తెర 2048×1536, సరిగ్గా నాలుగింతల చుక్కలు. బొమ్మలు గీసే భాగాన్ని పెంచారు గాని లెక్కలు చేసే కోర్లు దాదాపు పాతవే ఉంచారు. తెర అద్భుతం, ఒళ్లు వేడి, బరువూ పెరిగింది. ఆ ఏడాది చివర్లోనే ఏ6ఎక్స్ పెట్టి నాలుగోది తేవాల్సి వచ్చింది. ఇవాళ ఎవరైనా "తెర 2.8కే" అని గొప్పగా చెబితే ముందు అడగాల్సింది, దాన్ని లాగే చిప్ ఏది అని.

బ్యాటరీకీ ఇలాంటి లెక్కే ఉంది. 8.7 అంగుళాల ఏ9 నుంచి 11 అంగుళాల ఏ9 ప్లస్‌కు పోతే తెర వైశాల్యం సుమారు 1.6 రెట్లు. బ్యాటరీ మాత్రం 5,100 నుంచి 7,040 ఎంఏహెచ్‌కే పెరిగింది, 1.38 రెట్లు. కాబట్టి పెద్ద ట్యాబ్ ఎక్కువసేపు వస్తుందన్న హామీ లేదు. ఎంఏహెచ్‌ను వాట్ అవర్‌లోకి మార్చి రాసుకుంటే ఐప్యాడ్‌తో పోల్చడం వీలవుతుంది. ఎంఏహెచ్‌ను 3.85తో గుణించి 1,000తో భాగించండి. 7,040కి సుమారు 27, 5,100కి 19.6 వస్తాయి. ఐప్యాడ్ తొమ్మిదో తరానికి 32.4, పదో తరానికి 28.6. ఇక్కడ కొత్తదానికే చిన్న బ్యాటరీ.

రెంటినీ ఒకే గీత మీద నిలబెట్టడం

పోలికలు పాడయ్యేది పరీక్షలో కాదు, పరీక్షకు ముందు. కింది పనులు వరుసగా చేయండి. సిగ్నల్ సన్నగా ఉండే ఊళ్లో ఉంటే కావలసిన యాప్‌లు, వాటి లోపలి డేటా అంతా ముందురోజు రాత్రే దించుకోండి. బొమ్మల వేగం కొలిచే 3డీమార్క్ యాప్ ఒక్కటే చాలా పెద్దది, సగంలో ఆగితే పూటంతా పోతుంది.

1. అప్‌డేట్‌లు ఉంటే వేసి, ఒక రాత్రి చార్జింగ్‌లో వదిలేయండి. పెద్ద అప్‌డేట్ తర్వాత కొన్ని గంటలపాటు ట్యాబ్ వెనకాల ఫొటోలు, యాప్‌లు సర్దుకుంటూ ఉంటుంది. ఆ సమయంలో కొలిస్తే మంచి ట్యాబ్ కూడా మొద్దులా కనిపిస్తుంది.

2. స్టోరేజీలో కనీసం ఐదో వంతు ఖాళీ చేయండి.

3. బ్యాటరీ 80 నుంచి 50 శాతం మధ్య ఉన్నప్పుడు, చార్జర్ తీసేసి పరీక్షించండి. చార్జింగ్ కూడా వేడి పుట్టిస్తుంది. 20 కంటే దిగితే కొన్ని ట్యాబ్‌లు తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి.

4. పవర్ సేవింగ్ ఆపండి. సామ్‌సంగ్‌లో పర్ఫార్మెన్స్ ప్రొఫైల్ "లైట్" అని ఉంటే "స్టాండర్డ్"కు మార్చండి. ఒకదాంట్లో 90 హెర్ట్జ్, ఇంకోదాంట్లో 60 ఉంటే ఒకసారి రెంటినీ 60లో, మరోసారి వాటి సొంత వేగంలో కొలవండి.

5. తెర వెలుగు సమం చేయండి. 50 శాతం, 50 శాతం అని పెడితే సమం కాదు, ఒకదాని సగం ఇంకోదాని ముప్పావు కావచ్చు. రెండు తెరల మీదా తెల్లటి పేజీ తెరిచి, ఫోనులో వెలుగు కొలిచే లక్స్ మీటర్ యాప్ పెట్టి, ఫోను పైభాగాన్ని తెర నడిమధ్య ఆనించి చూడండి. అంకెలు దగ్గరికొచ్చేదాకా వెలుగు సర్దండి.

6. కవర్లు తీసి, ఫ్లైట్ మోడ్ వేసి, రీస్టార్ట్ చేసి, పావుగంట వదిలేయండి.

గది ఉష్ణోగ్రత రాయడం మరిచిపోవద్దు. ఎందుకో తర్వాత వస్తుంది.

స్కోర్లు తీయడం, చదవడం

గీక్‌బెంచ్ మొదటి అంకె ఒక్క కోర్‌ది, రెండోది అన్ని కోర్లది. యాప్ తెరుచుకోవడం, వెబ్ పేజీ రావడం, పీడీఎఫ్ పేజీ తిరగడం, కీబోర్డ్ పైకి లేవడం, ఇవన్నీ ఎక్కువగా మొదటి అంకెను బట్టి ఉంటాయి. చదువుకునే పిల్లలకు కొనేటప్పుడు దాన్నే ముందు చూడాలి. మూడుసార్లు నడిపి, మధ్య స్కోరు రాసుకోండి. మూడు స్కోర్లూ ఐదు శాతానికి మించి చెదిరితే వెనక ఏదో నడుస్తోంది, మళ్లీ రీస్టార్ట్ చేయండి. పోల్చుకోవడానికి గుర్తుంచుకోవాల్సిన అంకెలు: ఏ53 ట్యాబ్ 200 అటూ ఇటూ, స్నాప్‌డ్రాగన్ 680ది 400 అటూ ఇటూ, జీ99ది 700 పైన, ఐప్యాడ్ పదో తరంలోని ఏ14ది 2,000 అటూ ఇటూ.

చాలామంది ఇక్కడొక పొరపాటు చేస్తారు. గీక్‌బెంచ్ 5 స్కోరును 6 స్కోరు పక్కన పెడతారు. 5లో 1,000 అంటే ఇంటెల్ కోర్ ఐ3-8100 కంప్యూటర్‌తో సమానం. 6లో 2,500 అంటే కోర్ ఐ7-12700తో సమానం. కొలబద్దలే వేరు. పాత వీడియోలో చెప్పిన అంకెను కొత్త ట్యాబ్ అంకెతో పోల్చడమంటే సేరును కిలోతో తూచడమే. ఇలాంటిదే అయిన ఆంటుటు యాప్ కూడా అంతే, వెర్షన్ మారితే అంకెల స్థాయే మారుతుంది. పైగా అది 2020 నుంచి ప్లే స్టోర్‌లో లేదు. ఎక్కడెక్కడి సైట్ల నుంచో దాని ఫైలు తెచ్చి, పిల్లలు వాడే ట్యాబ్‌లో వేయడం అక్కర్లేని సాహసం. గీక్‌బెంచ్, 3డీమార్క్ చాలు. ఆండ్రాయిడ్, ఐప్యాడ్ స్కోర్లు పక్కపక్కన పెట్టడానికీ ఈ రెండే మేలు.

బొమ్మల వేగానికి 3డీమార్క్‌లో వైల్డ్ లైఫ్ అనే పరీక్ష ఉంది. మామూలు వైల్డ్ లైఫ్‌లో మంచి ఐప్యాడ్‌లు "మ్యాక్స్‌డ్ అవుట్" అని చూపి అంకె ఇవ్వవు. అప్పుడు ఎక్స్‌ట్రీమ్ గానీ, అన్‌లిమిటెడ్ గానీ తీసుకోండి. అన్‌లిమిటెడ్ అంటే తెరతో సంబంధం లేకుండా లోపలే గీయించడం. అది చిప్ బలం చెబుతుంది. తెర మీదే గీయించే పరీక్ష, అంటే జీఎఫ్ఎక్స్‌బెంచ్‌లో ఆన్‌స్క్రీన్ అనేది, మీ కంటికి కనపడబోయేది చెబుతుంది. వేర్వేరు సైజుల ట్యాబ్‌లను పోల్చేటప్పుడు ఈ రెండూ కావాలి. లోపలే గీయించే (ఆఫ్‌స్క్రీన్) పరీక్షలో గెలిచి ఆన్‌స్క్రీన్‌లో ఓడిన ట్యాబ్ చిప్ మంచిదే, తెర దానికి బరువైంది. పాత ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో వైల్డ్ లైఫ్ నడవకపోతే రెంటిలోనూ స్లింగ్ షాట్ నడపండి. ఒకదాంట్లో అదీ, ఇంకోదాంట్లో ఇదీ కుదరదు.

రోహిణి కార్తె పరీక్ష

మే నెలలో చంద్రపూర్‌లో పగలు 45 డిగ్రీలు దాటడం వింత కాదు. ఐప్యాడ్‌ను వాడాల్సిన వాతావరణం 0 నుంచి 35 డిగ్రీలని ఆపిలే రాసింది. అంటే రేకుల ఇంట్లో మధ్యాహ్నం మూడింటికి ఆన్‌లైన్ క్లాసు వినే పిల్ల చేతిలోని ట్యాబ్, తయారైన రోజున ఊహించని ఎండలో పనిచేస్తోంది. ట్యాబ్‌లో ఫ్యాన్ ఉండదు. వేడి వీపు రేకు గుండానే పోవాలి. బయటి గాలే వేడిగా ఉంటే పోవడానికి చోటు లేక, చిప్ తన వేగం తగ్గించుకుంటుంది. దాన్నే థ్రాట్లింగ్ అంటారు. ఏసీ గదిలో తీసిన స్కోరు మన దగ్గర ఫిబ్రవరి దాకానే నిజం.

దీనికి 3డీమార్క్‌లో వైల్డ్ లైఫ్ స్ట్రెస్ టెస్ట్ ఉంది. నిమిషం పరీక్షను ఇరవైసార్లు ఆపకుండా తిప్పుతుంది. ప్రతి చుట్టుకూ స్కోరు ఇచ్చి, చివర "స్టెబిలిటీ" అని ఒక శాతం చూపుతుంది. అది అతి తక్కువ చుట్టును అతి ఎక్కువ చుట్టుతో భాగించగా వచ్చినది. శాతం చూసి మోసపోవద్దు. ఒక ట్యాబ్ 1,200తో మొదలై 1,170కి దిగితే 97.5 శాతం. ఇంకోటి 3,000తో మొదలై 2,100కు దిగితే 70 శాతం. 70 శాతందే గెలిచింది, అలసిపోయాక కూడా మొదటిదానికి దాదాపు రెట్టింపు పని చేస్తోంది. నోటుబుక్కులో రాయాల్సింది శాతం కాదు, అతి తక్కువ చుట్టు అంకె. బలహీనమైన చిప్‌కు సాధారణంగా మంచి శాతమే వస్తుంది, ఎందుకంటే అది వేడెక్కేంత పనే చేయలేదు.

పరీక్ష రెండుసార్లు: తెల్లవారి ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి. రెండు ట్యాబ్‌లనూ ఒకే చెక్క బల్ల మీద, మధ్య రెండు జానల ఎడం ఉంచి, ఒకేసారి నడపండి. పరుపు మీద, దిండు మీద పెడితే వీపు మూసుకుపోతుంది. కూలర్ విషయంలో జాగ్రత్త. విదర్భ ఇళ్లల్లో ఎండాకాలం కూలర్ ఆగదు. దాని గాలి సూటిగా తగిలే ట్యాబ్ రెండోదాని కంటే చల్లగా ఉండి, లేని గొప్ప చూపుతుంది. పరీక్షప్పుడు కూలర్ మొహం తిప్పండి, లేదా రెండు ట్యాబ్‌లనూ గాలికి సమాన దూరంలో పెట్టండి. వేడెక్కిన ట్యాబ్‌ను చల్లార్చాలని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లున్నారు. బయటికి తీయగానే తేమ లోపల నీటిచుక్కలై బోర్డు మీద కూర్చుంటుంది. ఫ్యాను కింద అరగంట చాలు.

సైజుకు ఇక్కడ నిజమైన విలువ ఉంది. ఒకే చిప్ చిన్న ట్యాబ్‌లోనూ పెద్ద ట్యాబ్‌లోనూ ఉంటే, వీపు వైశాల్యం ఎక్కువున్నది వేడిని తొందరగా వదిలించుకుంటుంది. మొదటి రెండు చుట్లలో తేడా ఉండదు, పదో చుట్టు దాటాక బయటపడుతుంది. అల్యూమినియం వీపు ప్లాస్టిక్ కంటే వేడిని బాగా బయటికి పంపుతుంది. పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది గాని, అది మంచి లక్షణమే. వేడి చేతికి తగిలిందంటే చిప్‌ను వదిలిందని అర్థం. ప్లాస్టిక్ వీపు చల్లగా అనిపించి లోపల చిప్ ఉడికిపోవడం అంతకంటే చెడ్డ. పిల్లలకు వేసే మందపాటి రబ్బరు కవరు వీపును దుప్పటిలా కప్పేస్తుంది. అందుకే ఒకసారి కవరుతో కూడా స్ట్రెస్ టెస్ట్ నడిపి, ఎంత పోయిందో చూడండి. రోజూ వాడేది కవరుతోనే గదా.

డెవ్‌చెక్‌లో బ్యాటరీ ఉష్ణోగ్రత కనపడుతుంది. అది 45 డిగ్రీల దాకా వస్తే చార్జింగ్ నెమ్మదిస్తుంది, లేదా ఆగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం "చార్జర్ పాడైంది" అని కొట్టుకు పోయేవాళ్లలో చాలామందికి పాడైంది చార్జర్ కాదు.

ర్యామ్, స్టోరేజీ: స్కోరులో కనపడని నెమ్మది

ట్యాబ్ ఏ9 4 జీబీ ర్యామ్‌తోనూ, 8 జీబీతోనూ వచ్చింది. గీక్‌బెంచ్ పెడితే రెంటికీ దాదాపు ఒకే స్కోరు. వాడకంలో మాత్రం తేడా ఉంది. పరీక్ష ఇలా చేయండి. క్రోమ్‌లో ఐదు పేజీలు, యూట్యూబ్, వాట్సాప్, ఒక పెద్ద పీడీఎఫ్, గూగుల్ మీట్, కెమెరా వరుసగా తెరవండి. ఒక్కోదాంట్లో పది సెకన్లు ఉండండి. తర్వాత అదే వరుసలో మొదటినుంచి మళ్లీ ఒక్కోదాంట్లోకి వెళ్లండి. ఉన్నచోటే ఉన్న యాప్ ఎన్ని, మళ్లీ మొదటినుంచి తెరుచుకున్నవి ఎన్ని? 3 జీబీ ట్యాబ్‌లో మహాడీబీటీ (మహారాష్ట్ర స్కాలర్‌షిప్‌ల సైట్) ఫారం సగం నింపి, వాట్సాప్‌లో వచ్చిన సర్టిఫికెట్ చూసి తిరిగొచ్చేసరికి పేజీ మళ్లీ లోడై ఖాళీ ఫారం కనపడటం ఇందువల్లే. నెట్ తప్పు కాదు.

"12 జీబీ ర్యామ్" అని పెద్దక్షరాల్లో ఉంటే కింద చిన్నక్షరాలు చదవండి. "4+8" అని ఉంటే ర్యామ్ నాలుగే, మిగతా ఎనిమిదీ స్టోరేజీలోంచి అరువు తెచ్చుకున్నది. స్టోరేజీ ర్యామ్ కంటే ఎన్నో రెట్లు నెమ్మది, అందులోనూ ఈఎంఎంసీ అయితే మరీ.

స్టోరేజీలో రెండు జాతులు: ఈఎంఎంసీ, యూఎఫ్ఎస్. ఈఎంఎంసీ 5.1 దారి కొలత సెకనుకు 400 ఎంబీ, పైగా ఒకే సమయంలో చదవడమో రాయడమో ఒక్కటే చేయగలదు. యూఎఫ్ఎస్ రెండూ ఒకేసారి చేస్తుంది, దారి కూడా వెడల్పు. యాప్ ఇన్‌స్టాల్ అవుతుండగా ట్యాబ్ బిగుసుకుపోతే అది ఈఎంఎంసీ గుణం. స్టోరేజీ వేగం కొలిచే ఆండ్రోబెంచ్ యాప్‌లో సీక్వెన్షియల్ అంకెల కన్నా ర్యాండమ్ రైట్ అంకె చూడండి, రోజువారీ పని అంతా చిన్నచిన్న ముక్కలు రాయడమే. పాత ట్యాబ్‌ను కొత్తదానితో పోల్చేటప్పుడు నిండిపోయిన స్థితిలో ఒకసారి, ఫ్యాక్టరీ రీసెట్ తర్వాత ఒకసారి కొలవండి. ఒక్కోసారి రీసెట్‌తోనే పాతది లేచి కూర్చుంటుంది, కొనే ఖర్చు తప్పుతుంది.

చేతిలో పని, గడియారంలో సెకన్లు

ఫోను కెమెరాను స్లో మోషన్‌లో పెట్టి, వేలూ తెరా రెండూ కనపడేలా తీయండి. సెకనుకు 240 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము 4.2 మిల్లీసెకన్లు. వేలు తాకిన ఫ్రేము నుంచి పని పూర్తయిన ఫ్రేము దాకా లెక్కించండి. కంటితో, స్టాప్‌వాచ్‌తో కొలిస్తే మన చేతి ఆలస్యం కలిసిపోతుంది.

ఏ పనులు కొలవాలి? మీ ఇంట్లో చేసేవే. బాలభారతి (మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ) పాఠ్యపుస్తకం పీడీఎఫ్ తెరిచి 50వ పేజీకి దూకడం. స్కాన్ చేసిన తెలుగు పుస్తకం పీడీఎఫ్‌లో పది పేజీలు గబగబా తిప్పడం. ఈ రెండోది మంచి పరీక్ష, ఎందుకంటే స్కాన్ పుస్తకంలో ఉండేవి అక్షరాలు కావు, ప్రతి పేజీ ఒక ఫొటో. బలహీనమైన ట్యాబ్ తెల్ల పేజీ చూపి, ఆ తర్వాత మెల్లగా అక్షరాలు తేలుస్తుంది. తర్వాత జీబోర్డులో తెలుగు, మరాఠీ, ఇంగ్లిష్ మూడూ పెట్టుకుని, భాష మార్చినప్పుడు కొత్త కీలు ఎంతసేపట్లో వచ్చాయో చూడండి. మీట్‌లో క్లాసు నడుస్తుండగా పక్కన నోట్స్ తెరిచి రాయండి, గొంతు తెగుతోందా?

నెట్ అవసరమైన పరీక్షలన్నీ ఒకే హాట్‌స్పాట్ మీద, ఒకదాని వెంట ఒకటి చేయాలి. ఒక ట్యాబ్‌లో సిమ్, ఇంకోదాంట్లో వైఫై పెట్టి పోల్చితే కొలిచింది ట్యాబ్‌ను కాదు, టవర్‌ను. సిరొంచ దగ్గర ప్రాణహిత ఒడ్డున ఫోను ఒకసారి ఇవతలి టవర్, ఒకసారి అవతలి టవర్ పట్టుకుంటే అంకెలు నిమిషానికోలా ఉంటాయి. అలాంటిచోట పేజీలను ముందే ఆఫ్‌లైన్‌లో దాచుకుని కొలవడం నయం.

బ్యాటరీకి, ట్యాబ్‌లోనే దాచిన ఒకే వీడియోను ఒకే ప్లేయర్‌లో, ఫ్లైట్ మోడ్‌లో, సమం చేసిన వెలుగులో రెండు గంటలు ఆడించండి. 90 శాతం దగ్గర మొదలుపెట్టండి, పైన కింద శాతాలు నమ్మదగ్గవి కావు. 27 వాట్ అవర్ల ట్యాబ్ 16 శాతం దిగితే 4.3 వాట్ అవర్లు తిన్నది, అంటే గంటకు సుమారు 2.2. 19.6 వాట్ అవర్ల చిన్న ట్యాబ్ కూడా 16 శాతమే దిగితే గంటకు 1.6 తిన్నది. రెండూ ఒకేసేపు వస్తాయి, కానీ కరెంటు పోయిన రాత్రి పవర్ బ్యాంక్‌తో నింపాల్సి వస్తే చిన్నది తొందరగా నిండుతుంది.

వాడినది కొనేటప్పుడు

పాత ఐప్యాడ్ వేగం ఇంకా బాగుండొచ్చు, సాఫ్ట్‌వేర్ తలుపు మాత్రం మూసుకుపోతుంది. ఐదో తరం ఐప్యాడ్‌కు ఐప్యాడ్‌ఓఎస్ 17 రాలేదు, ఆరోదానికి 18 రాలేదు, ఏడోదానికి 26 రాలేదు. బ్యాంకు యాప్‌లు, పరీక్షల యాప్‌లు కొంతకాలానికి పాత ఓఎస్‌ను వదిలేస్తాయి. ఏడో తరంలో ఉన్నది ఆరోదాంట్లోని ఏ10 చిప్పే, ర్యామ్ మాత్రం 2 నుంచి 3 జీబీ అయింది. ఎనిమిదోదాంట్లో ఏ12 వచ్చింది. అసలు అంగ ఏడు నుంచి ఎనిమిదికి పడింది. ఈ రెంటి ధరల మధ్య తేడా కొద్దిగానే ఉంటే ఎనిమిదే తీసుకోండి.

ముసలి బ్యాటరీ ఉన్న ట్యాబ్ స్ట్రెస్ టెస్ట్ మధ్యలో 30 శాతం చూపుతూనే ఆరిపోవచ్చు. బరువైన పనికి ఒక్కసారిగా కరెంటు లాగితే వోల్టేజీ పడిపోతుంది. కాబట్టి కొట్లో కనీసం ఐదారు చుట్లు ఆడించి చూడాలి. అమ్మేవాడు ఆ పది నిమిషాలు ఇవ్వనంటే కారణం ఉందనుకోవచ్చు. ట్యాబ్‌ను బోర్లా పెట్టి గాజు పలకలాంటి చదునైన చోట చూడండి, ఊగితే బ్యాటరీ ఉబ్బుతోంది.

సినిమాలకు కొంటుంటే చివరిగా డీఆర్ఎం ఇన్ఫో అనే యాప్‌లో వైడ్‌వైన్ (ఓటీటీ వీడియోల కాపీ తాళం) స్థాయి చూడండి. ఎల్1 ఉండాలి. ఎల్3 అని ఉంటే తెర ఎన్ని లక్షల చుక్కలున్నా చాలా ఓటీటీలు మసక బొమ్మే పంపుతాయి. పేరులేని కంపెనీల చవక ట్యాబ్‌లలో తరచూ ఇదే దొరుకుతుంది. డబ్బులు ఇచ్చేముందు రెండు నిమిషాల్లో అయ్యే పని.